మంచం పక్క సొరుగులో తుపాకీ

మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకుల ఊరు. అమెరికా సైన్యానికి రైఫిళ్లు చేసిపెట్టిన ప్రభుత్వ ఆయుధశాల అక్కడే ఉండేది. హోరెస్ స్మిత్, డేనియల్ వెసన్ కలిసి 1850లలో రివాల్వర్ల కంపెనీ పెట్టిందీ ఆ ఊళ్లోనే. కొన్నేళ్లకు స్మిత్ తన వాటా అమ్ముకుని తప్పుకోగా, 1880ల నాటికి వ్యాపారమంతా వెసన్ కుటుంబం చేతిలో ఉంది. ఎవరో పిల్లవాడు ఇంట్లో దొరికిన రివాల్వర్ హ్యామర్‌ను వెనక్కి లాగి, ట్రిగ్గర్ నొక్కి గాయపడ్డాడన్న కబురు వెసన్‌ను కలచివేసిందనీ, పిల్లల చేతిలో పేలని తుపాకీ చేయాలని ఆయన అప్పుడే పూనుకున్నాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కంపెనీలు తమ గురించి చెప్పుకునే కథలను కొంత తరుగు తీసి వినడం మంచిది. కథ మాట ఎలా ఉన్నా, తయారైన వస్తువు మాత్రం కళ్ల ముందు ఉంది.

1887లో మార్కెట్‌కు వచ్చిన ఆ రివాల్వర్ పేరు సేఫ్టీ హ్యామర్‌లెస్. హ్యామర్ బయటికి కనిపించకుండా చట్రంలో దాగి ఉంటుంది కనుక బొటనవేలితో వెనక్కి లాగే వీల్లేదు. పిడికి వెనక వైపు ఒక మీట ఉంటుంది. అరచేత్తో ఆ మీటను అదిమిపట్టి, అదే సమయంలో బరువైన ట్రిగ్గర్‌ను వేలితో చివరిదాకా లాగితేనే తూటా పేలుతుంది. పెద్దవాళ్ల చేతికి ఇదంతా ఒకటే కదలిక. చిన్న చేతికి పిడి చుట్టూ పట్టే అందదు. అందినా రెండు పనులూ కలిపి చేసే బలం చాలదు. ఎనిమిదేళ్లలోపు మామూలు పిల్లలెవరూ దీన్ని పేల్చలేరని కంపెనీ చాటుకుంది. నిమ్మకాయ పిండే సాధనం అని జనం దానికి ముద్దుపేరు పెట్టారు. 1940 ప్రాంతం దాకా, రెండు పరిమాణాల్లో కలిపి సుమారు అయిదు లక్షలు అమ్ముడయ్యాయి.

ఈ చిన్న మీటకు చరిత్రలో దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదని నా అభిప్రాయం. ఇంట్లో తుపాకీ ఉంటే ఏదో ఒకనాడు అది పిల్లల చేతికి చిక్కుతుందన్న లెక్కతోనే దాన్ని రూపొందించారు. బిడ్డకు బుద్ధి చెప్పడం మీదా, తండ్రి జాగ్రత్త మీదా ఆశ పెట్టుకోకుండా, ఆ ఇద్దరూ విఫలమైనప్పుడు కూడా ప్రాణం నిలవాలని వస్తువునే మార్చారు. రోడ్డు ప్రమాదాల విషయంలో నిపుణులు ఈ మాట అనడానికి ఇంకో డెబ్బై ఎనభై ఏళ్లు పట్టింది. తుపాకుల విషయంలో మాత్రం అమెరికా ఈ చోటి నుంచి ముందుకు సాగలేదు. చాలా దూరం వెనక్కి నడిచింది.

వెనకడుగు మొదలైంది ప్రకటనల్లో. అదే రాష్ట్రంలోని ఫిచ్‌బర్గ్‌లో ఐవర్ జాన్సన్ అనే కంపెనీ సైకిళ్లతో పాటు చవక రివాల్వర్లు తయారుచేసేది. 1890లలో అది తెచ్చిన రివాల్వర్‌లో హ్యామర్‌కూ తూటాకూ మధ్య ఒక చిన్న కడ్డీ అడ్డుపడుతుంది; ట్రిగ్గర్‌ను పూర్తిగా లాగితేనే ఆ కడ్డీ తన చోటికి వచ్చి హ్యామర్ దెబ్బను తూటాకు చేరవేస్తుంది. కాబట్టి తుపాకీ కిందపడినా, హ్యామర్ మీద సుత్తితో కొట్టినా పేలదు. సుత్తితో కొట్టి చూడండి అన్నదే వాళ్ల నినాదం. ఇంతవరకూ నిజమే. కానీ 1904 నాటి వాళ్ల ప్రకటన బొమ్మలో రాత్రి దుస్తుల్లో ఉన్న చిన్నపిల్ల మంచం మీద కూర్చుని రివాల్వర్‌తో ఆడుకుంటూ ఉంటుంది. ఇది మనల్నేమీ చేయదని నాన్న చెప్పాడన్నది ఆ పిల్ల మాట. వెసన్ మీట ట్రిగ్గర్ లాగే చిన్న వేలిని ఆపడానికి పుట్టింది. జాన్సన్ కడ్డీ ఆపేది కింద పడ్డప్పటి దెబ్బను మాత్రమే. ఆ పిల్ల ట్రిగ్గర్ లాగితే ఆ కడ్డీ అడ్డుకోదు సరికదా, తన పని తాను చేసుకుపోతుంది. ఒక రకం ప్రమాదానికి విరుగుడు కనిపెట్టి, దాన్ని ఇంకో రకం ప్రమాదానికి మందుగా అమ్మారు. 1901లో బఫెలో నగరంలో అధ్యక్షుడు మెకిన్లీని హంతకుడు కాల్చింది కూడా ఈ కంపెనీ రివాల్వర్‌తోనే. అమ్మకాలకు దానివల్ల పెద్దగా నష్టం జరిగినట్టు లేదు.

ఆ తర్వాతి అరవై ఏళ్లను త్వరగా దాటవచ్చు. ఒక్క సాంకేతిక మార్పు మాత్రం చెప్పుకోవాలి. రివాల్వర్ స్థానంలోకి క్రమంగా సెమీ ఆటోమేటిక్ పిస్తోలు వచ్చింది. అందులో తూటాలు పిడిలో దూర్చే మ్యాగజైన్‌లో ఉంటాయి. మ్యాగజైన్ బయటికి తీసేస్తే తుపాకీ ఖాళీ అయినట్టేనని కొత్తవాళ్లు, ముఖ్యంగా పిల్లలు అనుకుంటారు. అప్పటికే ఒక తూటా గొట్టం మొదట్లోని ఛాంబర్‌లోకి ఎక్కి కూర్చుని ఉంటే, మ్యాగజైన్ లేకపోయినా అది పేలుతుంది. దీనికీ విరుగుడు ఉంది, అదీ పాతదే. మొదటి ప్రపంచయుద్ధం నాటి జర్మన్ లూగర్ పిస్తోలులో, ఛాంబర్‌లో తూటా ఉన్నట్టు తెలిపే గుర్తు వేలికి తగిలేలా పైకి లేస్తుంది. అలాంటి గుర్తు పెట్టడమో మానడమో తయారీదారు ఇష్టానికే వదిలేశారు.

1960ల దాకా అమెరికా ఇళ్లలోని తుపాకుల్లో అధికభాగం వేట తుపాకులు. అల్లర్లు, హత్యల దశాబ్దంలో లెక్క మారింది. జనం ఆత్మరక్షణ కోసం చేతి తుపాకులు కొనడం మొదలుపెట్టారు. వేట తుపాకీని బీరువాలో ఖాళీగా దాచుకోవచ్చు. దొంగ కోసం కొన్న పిస్తోలును నిండుగా, చేతికందే దూరంలో, అంటే తలగడ కిందో మంచం పక్క సొరుగులోనో ఉంచుకోవాలనిపిస్తుంది. దొంగకు ఎదురు చూస్తున్న తుపాకీ బిడ్డ చేతికి దొరకడం ఇక్కడే మొదలైంది. హింసకు కారణాలు వెతకడానికి నియమించిన జాతీయ కమిషన్ తరఫున 1969లో జార్జి న్యూటన్, ఫ్రాంక్లిన్ జిమ్రింగ్ ఒక నివేదిక రాశారు. అందులో డెట్రాయిట్ లెక్క ఒకటి ఉంది: ఇళ్లలోకి చొరబడిన దొంగల చేతిలో నాలుగున్నరేళ్లలో చనిపోయినవారి కంటే, 1967 అనే ఒక్క సంవత్సరంలో ఇళ్లలో తుపాకీ ప్రమాదాల వల్ల చనిపోయినవారు ఎక్కువ.

సరిగ్గా ఆ కాలంలోనే అమెరికా ప్రభుత్వం ఇంట్లోని వస్తువులన్నిటినీ పిల్లల కళ్లతో చూడడం నేర్చుకుంటోంది. పాత ఫ్రిజ్‌లలో దాక్కుని ఊపిరాడక పిల్లలు చనిపోతూ ఉంటే, లోపలి నుంచి తోసినా తలుపు తెరుచుకోవాలని 1956లోనే చట్టం చేశారు. మందు డబ్బాలకు పిల్లలు తిప్పలేని మూతలు ఉండాలని 1970లో చట్టం వచ్చింది. 1972లో అది ఆస్పిరిన్‌కు వర్తించింది. అదే 1972లో వినియోగ వస్తువుల భద్రతకు ప్రత్యేకంగా ఒక కమిషన్‌నే ఏర్పాటు చేశారు. పసిపిల్లల మంచానికి కమ్మీల మధ్య సందు ఎంత ఉండాలో అది నిర్ణయించింది. బిడ్డ తల ఇరుక్కోకూడదు కనుక. ఇలా చేసిన ప్రతిచోటా తర్కం ఒకటే. తల్లి ఎంత అప్రమత్తంగా ఉన్నా రెప్పపాటు కాలం కన్ను మళ్లుతుంది. ఆ రెప్పపాటు ప్రాణాంతకం కాకూడదు.

ఆ కమిషన్ పరిధి నుంచి తుపాకీని తప్పించిన పద్ధతి చూడదగ్గది. కేంద్ర పన్నుల స్మృతిలోని 4181వ సెక్షన్ కింద ఎక్సైజు పన్ను పడే సరుకులు ఈ చట్టంలోకి రావు అని చిన్న వాక్యం ఒకటి చేర్చారు. ఆ సెక్షన్ తీసి చూస్తేనే అవి పిస్తోళ్లు, రివాల్వర్లు, ఇతర తుపాకులు, తూటాలు అని తెలుస్తుంది. అయినా సందు మిగిలిందనుకున్న చికాగో పౌరబృందం ఒకటి, చేతి తుపాకుల తూటాలను ప్రమాదకర పదార్థాలుగా పరిగణించి నిషేధించాలని 1974లో కమిషన్‌ను కోరింది. అది మా పని కాదంది కమిషన్. కోర్టు మాత్రం, పరిశీలించే అధికారం మీకు ఉందని చెప్పింది. దాంతో 1976లో కాంగ్రెస్ ఆ సందును కూడా మూసింది. తుపాకుల, తూటాల తయారీనిగానీ అమ్మకాన్నిగానీ పరిమితం చేసే ఉత్తర్వు ఏదీ ఈ కమిషన్ ఇవ్వకూడదని రాసిపెట్టింది. 1988లో ఇంకో చట్టం వచ్చింది: బొమ్మ తుపాకీ అసలుదిలా కనిపించకుండా దాని మూతికి నారింజ రంగు గుర్తు ఉండాలి. అప్పటి నుంచి ఇప్పటిదాకా, బొమ్మ తుపాకీ ఎలా ఉండాలో చెప్పే అధికారం అమెరికా కేంద్ర ప్రభుత్వానికి ఉంది. అసలు తుపాకీ పిల్లల చేతిలో పేలకూడదని చెప్పే భద్రతా సంస్థ మాత్రం లేదు.

చట్టసభలు తలుపు వేసుకున్నాక ఈ సమస్యను చేతిలోకి తీసుకున్నది వైద్యులు, ప్రజారోగ్య పరిశోధకులు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ టెరెట్ అనే న్యాయవాది ప్రజారోగ్యం బోధించేవాడు. 1983లో ఆయన స్నేహితుల పసిబిడ్డ, పగటిపూట పిల్లల్ని చూసుకునే వారి ఇంట్లో, నాలుగేళ్ల పిల్లవాడి చేతికి దొరికిన తుపాకీ పేలి చనిపోయింది. నాలుగేళ్ల పిల్లవాడు పేల్చగల తుపాకీని ఎందుకు తయారుచేస్తున్నారన్న ప్రశ్నను టెరెట్ తర్వాతి జీవితమంతా అడుగుతూనే ఉన్నాడు. 1887 నాటి రివాల్వర్‌ను మళ్లీ చర్చలోకి తెచ్చినవాళ్లలో ఆయన ముఖ్యుడు. కాలిఫోర్నియాలో ఎమర్జెన్సీ వైద్యుడు గారెన్ వింటమ్యూట్, టెరెట్ మొదలైనవారు కలిసి 1987లో ఒక వ్యాసం ప్రచురించారు. 1977 నుంచి 1983 వరకు ఆ రాష్ట్రంలో పిల్లలు పొరపాటున పేల్చిన తుపాకుల వల్ల చనిపోయిన 88 మంది పిల్లల కథ అది. ఆడుకుంటూ పేల్చినవే ఎక్కువ. తుపాకీ సులువుగా దొరకడం, అది బొమ్మలా ఉండడం, నిండి ఉందో లేదో తెలియకపోవడం వంటి కారణాలే మళ్లీ మళ్లీ కనిపించాయి.

1991లో కాంగ్రెస్‌కు లెక్కలు చూసిపెట్టే జనరల్ అకౌంటింగ్ ఆఫీస్ ఈ వాదనకు అంకెలు చేర్చింది. 1988లో దేశంలో తుపాకీ ప్రమాదాల్లో చనిపోయినవారు 1,501 మంది. ఒక నమూనాను పరిశీలించి, ఆరేళ్లలోపు పిల్లలు పేల్చలేని ఏర్పాటు ఉండి ఉంటే 8 శాతం మరణాలు, తూటా ఉందని చూపే గుర్తు ఉండి ఉంటే 23 శాతం మరణాలు తప్పేవని అది తేల్చింది. రెండూ కలిపితే 31 శాతం. రెండూ అప్పటికి ఎనభై ఏళ్లకు పైబడిన పనితనాలే. 1995లో మరో పరిశోధన పిల్లల వేళ్ల బలాన్ని కొలిచింది. మూడు నాలుగేళ్లవారిలో నాలుగో వంతు, అయిదారేళ్లవారిలో 70 శాతం, ఏడెనిమిదేళ్లవారిలో 90 శాతం పిల్లలు రెండు వేళ్లతో పది పౌండ్ల, అంటే సుమారు నాలుగున్నర కిలోల, బలం పెట్టగలిగారు. మార్కెట్‌లోని 64 చేతి తుపాకులను పరీక్షిస్తే వాటిలో 59 ఆ బలానికి పేలుతాయి.

వస్తువును మార్చే దారి మూసుకుపోయాక రాష్ట్రాలు ఇంటి యజమాని వైపు తిరిగాయి. మొదట తిరిగింది ఫ్లోరిడా. తుపాకీని దాచుకుని వెంట తీసుకెళ్లే అనుమతులను 1987లో ఉదారంగా పంచిపెట్టిన రాష్ట్రం అది. అలాంటి చోట ఇంటి యజమానిని బాధ్యుణ్ని చేసే చట్టం పుట్టడం వింతే. 1989 జూన్‌లో కొద్ది రోజుల తేడాతో పలువురు పిల్లలు ఇళ్లలో దొరికిన తుపాకుల వల్ల చనిపోవడమో గాయపడడమో జరిగింది. రాష్ట్రమంతా కదిలిపోయింది. ప్రత్యేక సమావేశంలో ఉన్న శాసనసభ ఆ నెలలోనే చట్టం చేసింది; రిపబ్లికన్ గవర్నర్ బాబ్ మార్టినెజ్ సంతకం పెట్టాడు. నిండిన తుపాకీని పదహారేళ్లలోపు పిల్లలకు అందేలా వదిలేస్తే, దానితో ఆ బిడ్డ ఎవరినైనా గాయపరిచినా చంపినా, వదిలేసిన పెద్దవాళ్ల మీద తీవ్ర నేరం కింద కేసు పెట్టవచ్చు. దుకాణాల్లో ఈ హెచ్చరికను పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి.

ఈ చట్టంలో ఒక నిబంధన నన్ను చాలాసేపు ఆపింది. పొరపాటున తుపాకీ పేలి చనిపోయింది నిందితుడి సొంత బిడ్డే అయితే, ఏడు రోజుల దాకా అతణ్ని అరెస్టు చేయకూడదు. చట్టసభల భాషలో ఇంత మానవీయమైన వాక్యాలు అరుదు. ఆ తండ్రి దోషి, అదే క్షణాన బాధితుడు కూడా. బిడ్డకు అంత్యక్రియలు జరుపుకోనిచ్చి తర్వాత తలుపు తట్టమంది శాసనం. అయితే అందులోనే ఈ చట్టాల బలహీనత కూడా ఉంది. గర్భశోకంలో ఉన్న మనిషిని బోనెక్కించడానికి ప్రాసిక్యూటర్లకు చేయి రాలేదు, జ్యూరీలకు మనసొప్పలేదు. శిక్ష భయం ముందే పనిచేయాలి. కానీ తన ఇంట్లో ఇది జరుగుతుందని ఏ తండ్రి అనుకుంటాడు?

మరి చట్టం పనిచేసిందా? 1997లో పీటర్ కమింగ్స్ బృందం అలాంటి చట్టాలున్న 12 రాష్ట్రాలను పరిశీలించి, పదిహేనేళ్లలోపు పిల్లల ప్రమాద మరణాలు 23 శాతం తగ్గాయంది. 2000లో డేనియల్ వెబ్‌స్టర్, మార్క్ స్టార్న్స్ మళ్లీ లెక్కలు తీసి, స్పష్టంగా తగ్గింది ఒక్క ఫ్లోరిడాలోనే అన్నారు. అక్కడ తగ్గుదల 51 శాతం. శిక్ష తీవ్రంగా ఉండడం, మొదటి చట్టం కనుక ఊరూరా ప్రచారం జరగడం కారణాలు కావచ్చు. తర్వాతి రాష్ట్రాల్లో చట్టం వచ్చిందన్న సంగతే చాలామందికి తెలియలేదు. కేసుల కంటే దుకాణం గోడ మీది పెద్ద అక్షరాలే ఎక్కువ ప్రాణాలు కాపాడి ఉండవచ్చునని నా ఊహ.

ఇదే కాలంలో బాధ్యత ఇంకో మెట్టు కిందికి, పిల్లల మీదికే, దిగింది. ఫ్లోరిడాకే చెందిన మేరియన్ హ్యామర్, తర్వాత నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌కు అధ్యక్షురాలైన మనిషి, 1988లో ఎడ్డీ ఈగిల్ అనే గద్ద బొమ్మతో బడి పిల్లలకు పాఠం రూపొందించారు. తుపాకీ కనిపిస్తే ఆగు, ముట్టుకోకు, అక్కడి నుంచి వెళ్లిపో, పెద్దవాళ్లకు చెప్పు. పాఠంలో తప్పేమీ లేదు. పిల్లలు దాన్ని చక్కగా అప్పజెప్పారు కూడా. అప్పజెప్పడానికీ ఆచరించడానికీ మధ్య ఎంత దూరమో అట్లాంటాలో తేలింది.

జెఫ్రీ జాక్‌మన్, ఆర్థర్ కెల్లర్‌మన్ తదితర వైద్యులు 8 నుంచి 12 ఏళ్ల వయసున్న 64 మంది మగపిల్లలను ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా ఒక గదిలో పావుగంట సేపు వదిలారు. గోడకు ఒక వైపు నుంచే కనిపించే అద్దం ఉంది. అవతల పరిశోధకులు. సొరుగుల్లో రెండు నీళ్ల పిస్తోళ్లు, ఒక అసలు పిస్తోలు. అసలు దాంట్లో తూటాలు లేవు. ట్రిగ్గర్ లాగితే తెలిసే ఏర్పాటు మాత్రం ఉంది. 29 జట్లలో 21 జట్లకు పిస్తోలు దొరికింది. వాటిలో 16 జట్లు దాన్ని చేతిలోకి తీసుకున్నాయి. 10 జట్లలో ఎవరో ఒకరు ట్రిగ్గర్ లాగారు. పిస్తోలు చూసినవాళ్లలో సగం మందికి అది అసలుదో బొమ్మో తేలలేదు. 2001లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. పిస్తోలును పట్టుకున్న, పేల్చబోయిన పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా అంతకు ముందే ఏదో ఒక తుపాకీ భద్రతా పాఠం విన్నవారే. ఆ పిల్లల తల్లిదండ్రుల మొహాల గురించి ఆ వ్యాసంలో ఏమీ లేదు. వైద్య పత్రికల్లో అలాంటివి రాయరు.

అలబామా పల్లెల్లో చేసిన ఇంకో అధ్యయనం, 2006 నాటిది, తల్లిదండ్రులనూ పిల్లలనూ విడివిడిగా ప్రశ్నించింది. మా పిల్లలకు తుపాకీ ఎక్కడుందో తెలియదన్న తల్లిదండ్రుల్లో 39 శాతం మాటను వాళ్ల పిల్లలే కాదన్నారు. మా వాడు ఎప్పుడూ ముట్టుకోలేదన్నవాళ్లలో 22 శాతం మందికీ అదే అనుభవం. ఇంట్లో బెల్లం ఎక్కడ దాచినా పిల్లలకు తెలిసిపోతుందని మన అమ్మమ్మలకు తెలుసు. అక్కడ దాచింది బెల్లం కాదు, అంతే.

ఇక వస్తువు వైపు చివరి పెద్ద ప్రయత్నం 2000లో జరిగింది. నగరాల దావాలు చుట్టుముట్టిన స్మిత్ అండ్ వెసన్ ఆ ఏడు మార్చి 17న క్లింటన్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. తుపాకీతో పాటు తాళం ఇస్తాం, రెండేళ్లలో తాళాన్ని తుపాకీలోనే అమరుస్తాం, ఆరేళ్లలోపు పిల్లలు సులువుగా పేల్చలేని విధంగా చేస్తాం, యజమాని చేతిలోనే పేలే తుపాకీ మీద పరిశోధనకు డబ్బు పెడతాం అంది. తుపాకీ ప్రియులు దాన్ని ద్రోహంగా చూశారు. దుకాణాలు ఆ సరుకును వెలివేశాయి, అమ్మకాలు కుప్పకూలాయి. 1987లో 11 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కంపెనీని కొన్న బ్రిటిష్ యజమానులు 2001లో దాన్ని కోటిన్నర డాలర్లకు అమ్ముకుని బయటపడ్డారు. కొన్నది తుపాకీ తాళాలు చేసే చిన్న సంస్థ. కొత్త అధ్యక్షుడు బుష్ ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని పట్టించుకోలేదు. మిగతా కంపెనీలన్నీ పాఠం నేర్చుకున్నాయి. భద్రత గురించి కాదు.

మంచి ఉద్దేశంతో చేసిన చట్టం కూడా ఎలా ఎదురు తిరుగుతుందో న్యూజెర్సీ చూపించింది. యజమాని చేతిని గుర్తుపట్టి పేలే తుపాకీ దేశంలో ఎక్కడైనా అమ్మకానికి వస్తే, మూడేళ్ల తర్వాత మా రాష్ట్రంలో అలాంటి చేతి తుపాకులే అమ్మాలి అని 2002లో అక్కడ చట్టం చేశారు. 2014లో జర్మన్ కంపెనీ ఆర్మాటిక్స్ అలాంటి పిస్తోలు తెచ్చింది. దాన్ని అమ్ముతానన్న మేరీలాండ్ దుకాణదారుకు బెదిరింపులు వెల్లువెత్తాయి. అతను ఒక్క రోజులోనే వెనక్కి తగ్గాడు. ఒక్కటి అమ్ముడైతే న్యూజెర్సీలో గడియారం మొదలవుతుందన్నదే బెదిరించినవాళ్ల కోపం. కొత్త రకం తుపాకీని ప్రోత్సహించబోయిన చట్టం దాన్ని పదిహేడేళ్లు దుకాణం మెట్లెక్కనివ్వలేదు. 2019లో ఆ నిబంధనను మార్చారు.

ఇన్నాళ్లూ ఎంతమంది పిల్లలు పోయారో సరిగ్గా చెప్పడం కష్టం. అందుకు కారణం గుమాస్తా పని. పదేళ్ల అన్న చేతిలో తుపాకీ పేలి ఆరేళ్ల చెల్లెలు చనిపోతే, చాలా జిల్లాల్లో మరణాలను విచారించే కరోనర్లు మరణపత్రంలో హత్య అన్న గడిలో గుర్తు పెడతారు. మరొకరి చేతిలో జరిగిన చావులన్నీ వాళ్ల నియమం ప్రకారం అందులోకే వెళతాయి. దేశస్థాయి లెక్కల్లో ఆ చెల్లెలు నేరబాధితురాలు అవుతుంది. హార్వర్డ్ పరిశోధకులు క్యాథరిన్ బార్బర్, డేవిడ్ హెమెన్‌వే 2011లో ఈ లోపాన్ని చూపారు. 2013లో న్యూయార్క్ టైమ్స్ విలేకరులు కొన్ని రాష్ట్రాల మరణపత్రాలను ఒక్కొక్కటిగా తిరగేసి, నిజమైన సంఖ్య అధికారిక సంఖ్యకు దాదాపు రెట్టింపని రాశారు. పోలీసు, కరోనర్ నివేదికలను చదివి నమోదు చేసే కొత్త వ్యవస్థ ఆరు రాష్ట్రాలతో మొదలై 2010ల చివరికి దేశమంతా పాకింది. పరిశోధనకు డబ్బు సంగతీ అంతే. తుపాకీ నియంత్రణకు ఊతమిచ్చే పనికి వ్యాధి నియంత్రణ కేంద్రం నిధులు వాడరాదని 1996లో కాంగ్రెస్ పెట్టిన షరతు తర్వాత, మళ్లీ ప్రత్యేకంగా నిధులు కేటాయించింది 2019 డిసెంబరులోనే.

ఆ కొత్త వ్యవస్థ లెక్కలు 2023 డిసెంబరులో వెలువడ్డాయి. 2003 నుంచి 2021 వరకు నమోదైన, 17 ఏళ్ల వరకు వయసున్న పిల్లల ప్రమాద మరణాలు 1,262. వారిలో 83 శాతం మగపిల్లలు. 85 శాతం మరణాలు ఏదో ఒక ఇంట్లోనే జరిగాయి. మూడింట రెండు వంతుల ఘటనల్లో పిల్లలు తుపాకీతో ఆడుతున్నారు లేదా ఒకరికొకరు చూపించుకుంటున్నారు. తుపాకీని ఎలా ఉంచారో తెలిసిన కేసుల్లో 74 శాతం నిండి ఉన్నాయి, 76 శాతానికి తాళం లేదు. పిల్లలు వాటిని తీసిన చోట్లలో మంచం పక్క బల్లలు, పడక చుట్టుపక్కలే ముందున్నాయి: 30 శాతం.

మొత్తం మీద మరణాలు తగ్గలేదని చెబితే అన్యాయం. 1988లో అన్ని వయసుల వారూ కలిపి 1,501 మంది పోతే, ఇటీవలి సంవత్సరాల్లో ఆ సంఖ్య 500 అటూ ఇటూ ఉంది. వేట తగ్గింది, అత్యవసర వైద్యం మెరుగైంది, తుపాకీని తాళంలో పెట్టే చట్టాలు సుమారు సగం రాష్ట్రాలకు చేరాయి. 2008లో సుప్రీంకోర్టు ఇంట్లో తుపాకీని ఎప్పుడూ విప్పదీసో తాళం వేసో ఉంచాలన్న వాషింగ్టన్ నగర నిబంధనను కొట్టేసింది. అయినా ప్రమాదాలు నివారించే భద్రతా చట్టాలను తప్పుపట్టడం లేదని అదే తీర్పులో జస్టిస్ స్కాలియా రాశారు. ఇంట్లో తుపాకీ ఉందా అని పిల్లల డాక్టర్ అడగకుండా ఫ్లోరిడా 2011లో తెచ్చిన ఆంక్షను 2017లో అప్పీలు కోర్టు చాలా వరకు రద్దు చేసింది. మరో వైపు 2019 జనవరి నుంచి 2021 ఏప్రిల్ వరకు సుమారు 75 లక్షల మంది పెద్దలు జీవితంలో మొదటిసారి తుపాకీ కొన్నారనీ, దానితో 50 లక్షలకు పైగా పిల్లలు కొత్తగా తుపాకీ ఉన్న ఇంట్లోకి వచ్చారనీ మాథ్యూ మిల్లర్ బృందం అంచనా కట్టింది.

ఇది మన చరిత్ర కాదని తెలుగువాళ్లు అనుకోవడానికి ఇప్పుడు వీలు తక్కువ. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వీధుల్లో మనవాళ్ల ఇళ్లు ఎన్నో ఉన్నాయి. హెచ్‌-1బీ వీసా మీద ఉన్నంత కాలం, వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకపోతే, తుపాకీ ఉంచుకోవడం అమెరికా చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఆ ఏళ్లలో ప్రమాదం ఉన్నది పిల్లవాడు ఆడుకోవడానికి వెళ్లే ఇంట్లోనే. మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉందా అని వెళ్లే ముందే అడగమని అక్కడి పిల్లల వైద్యులు 2000 నుంచి ప్రచారం చేస్తున్నారు. కొత్త పొరుగువారిని అలా అడగడానికి మొహమాటపడని తెలుగు తల్లిదండ్రులు ఎందరో నేను చెప్పలేను. గ్రీన్‌కార్డు వచ్చాక ఆ అడ్డు తొలగుతుంది. టెక్సాస్‌లో 1995 నుంచి ఒక చట్టం ఉంది. పదిహేడేళ్లలోపు పిల్లలకు నిండిన తుపాకీ అందేలా వదిలేసి, అది పేలి ఎవరైనా చనిపోతే ఏడాది దాకా జైలు. కొనేటప్పుడు మాత్రం రాష్ట్రం లైసెన్సు ఏదీ అడగదు. దుకాణంవాళ్లు 2005 నాటి కేంద్ర చట్టం ప్రకారం పిస్తోలుతో పాటు ఒక తాళం కూడా చేతిలో పెడతారు. ఆ తాళాన్ని వేసి తీరాలని ఆ చట్టంలో ఎక్కడా లేదు.